రెండున్నర సెంట్ల పొలం, మూడున్నర చుట్లు: స్థానభ్రంశం దగ్గర తేడా కొట్టిన ఒక లెక్క

తొమ్మిదో తరగతికి చలనం పాఠం చెప్పిన వాళ్లందరికీ ఈ లెక్క తెలిసే ఉంటుంది. 10 మీటర్ల భుజం ఉన్న చదరపు పొలం గట్టు వెంట ఒక రైతు 40 సెకన్లకు ఒక చుట్టు చొప్పున తిరుగుతున్నాడు, 2 నిమిషాల 20 సెకన్లు అయ్యేసరికి బయలుదేరిన చోటి నుంచి అతని స్థానభ్రంశం (మొదలైన చోటి నుంచి చేరిన చోటికి తిన్నగా కొలిచిన దూరం, దిక్కుతో సహా) ఎంత? ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఏళ్ల తరబడి ఉన్న ప్రశ్న ఇది. గైడ్లు తిరగేసినా, యూట్యూబ్‌లో చూసినా జవాబు మాత్రం ఒకటే: 140 సెకన్లంటే మూడున్నర చుట్లు, మూడు చుట్లకి మొదటి చోటికే వచ్చేస్తాడు, మిగిలిన అర చుట్టుకి ఎదురు మూలకి చేరతాడు, కాబట్టి కర్ణం, 10√2, అంటే 14.14 మీటర్లు.

(పక్క మాట. పది మీటర్ల భుజం అంటే వంద చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు రెండున్నర సెంట్లు. "ఇది పొలమా మాస్టారూ, నారుమడా?" అని పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. అలా నవ్వే పిల్లలు లెక్కని కళ్ల ముందు చూస్తున్నట్టు.)

అనకాపల్లి వైపు ఒక ఊళ్లో సాయంత్రాలు హైస్కూలు పిల్లలకి భౌతికశాస్త్రం చెప్తుంటాను. అందులో ఒకమ్మాయి యూనిట్ టెస్టులో ఈ లెక్కకి 10 మీటర్లు అని రాసింది, సున్నా మార్కులు వచ్చాయి. కీలో 14.14 ఉన్నప్పుడు 10కి టిక్కు పడదు, దాంట్లో ఆశ్చర్యమేం లేదు. నేను ఆగిపోయింది ఆమె వేసిన బొమ్మ దగ్గర. చదరం గీసింది, కింది భుజానికి సరిగ్గా మధ్యలో చుక్క పెట్టి 'మొదలు' అని రాసింది, పై భుజానికి మధ్యలో ఇంకో చుక్క పెట్టి 'చివర' అని రాసింది, రెంటినీ కలుపుతూ నిలువుగా బాణం వేసింది. బాణం పక్కన 10 మీ. అంతే, ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

ఇప్పుడు ప్రశ్న మళ్లీ చదవండి. రైతు మూల నుంచి బయలుదేరాడని ఎక్కడైనా ఉందా? లేదు. మనందరం మూల అనేసుకుంటాం, ఎందుకంటే రేఖాగణితంలో చదరం అనగానే చెయ్యి మూల నుంచే గీయడం మొదలెడుతుంది. "మధ్యలో ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగితే, "మా పొలంలోకి దారి గట్టు మధ్యలోంచే ఉంటుంది మాస్టారూ, మూల నుంచి ఎవరు దిగుతారు?" అంది. ఆ చోటి నుంచి చూస్తే ఆమె జవాబు అక్షరాలా కరెక్టు. అర చుట్టు అంటే 20 మీటర్లు నడక: కుడివైపు మూల దాకా 5, నిలువు గట్టు మీద 10, పై గట్టు మీద మళ్లీ 5. సరిగ్గా ఎదురుగా తేలతాడు, పది మీటర్ల దూరంలో.

అక్కడితో అయిపోతే ఇది కేస్ స్టడీ కాదు, రీ-కరెక్షన్ అప్లికేషన్ అవుతుంది. ఆ అమ్మాయి బొమ్మ సరిగ్గా వేసింది కదా, స్థానభ్రంశం అర్థమైపోయింది అనుకోవాలా? చూద్దామని, "మరి మూల నుంచి బయలుదేరితే ఎంత వస్తుంది?" అన్నాను. టక్కున "పదే" అంది. ఎలా అంటే, "నడిచింది అంతే కదా, 140 మీటర్లే కదా, మరి స్థానభ్రంశం ఎందుకు మారుతుంది?" అని నన్నే అడిగింది. అసలు చిక్కు అప్పుడు బయటపడింది. బొమ్మ వేస్తే బాణం సరిగ్గా వస్తోంది, కానీ మనసులో మాత్రం స్థానభ్రంశం అంటే నడిచిన దారికి ఉండే ఒక గుణం, దారి పొడవు మారకపోతే అదీ మారదు అని గట్టిగా ఉంది.

అదే టెస్టులో 14.14 రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న ఒక అబ్బాయి కూడా మా దగ్గరికే వస్తాడు. అతన్ని పిలిచి, లెక్క అంతా అదే ఉంచి, 140కి బదులు 130 సెకన్లు ఇచ్చాను. కాసేపు పెన్ను తిప్పి "14.14" అన్నాడు. బొమ్మ వెయ్యమంటే వెయ్యలేదు, "పొలం లెక్కలో కర్ణమే వస్తుంది మాస్టారూ" అన్నాడు. 130 సెకన్లంటే మూడుంపావు చుట్లు, మూల నుంచి బయలుదేరినవాడు పక్క మూలలో ఉంటాడు, స్థానభ్రంశం 10 మీటర్లు. మార్కులు పడ్డ అబ్బాయికి లెక్క గుర్తుంది, పోయిన అమ్మాయికి రైతు కనిపిస్తున్నాడు. పేపరు దిద్దినవాళ్లకి ఈ తేడా తెలిసే దారి లేదు, జవాబు అంకె ఒక్కటే అడిగాం కాబట్టి.

మిగతా పిల్లల పేపర్లు కూడా చూశాను. కొందరు 140 మీటర్లు రాశారు, అది దూరం. ఒకరిద్దరు సున్నా రాశారు, "చుట్టూ తిరిగితే సున్నా" అని కంఠతా పట్టేశారు. వీళ్ల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, ఇది ప్రతి బడిలో ఉండేదే. నాకు తోచింది ఏంటంటే, ఈ నాలుగు రకాల వాళ్లకీ లోపల ఉన్న తప్పు ఒక్కటే. స్థానభ్రంశం ఎంత అని అడిగినప్పుడు, దానికంటే ముందు "ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా?" అని అడగాలని వాళ్లకి తెలియదు. నిర్వచనం మాత్రం అందరూ అప్పజెప్తారు, "తొలి, తుది స్థానాల మధ్య కనిష్ఠ దూరం, దిశతో సహా" అని. ఆ తొలి ఎక్కడ, తుది ఎక్కడ అని ఎవరూ వేలు పెట్టి చూపించరు. దూరం అయితే నడిచేకొద్దీ పోగవుతూ పోతుంది, బండి మీటరులో తిరిగే కిలోమీటర్లలాగా వెనక్కి రాదు. స్థానభ్రంశానికి ఆ పోగు అక్కర్లేదు, రెండే రెండు క్షణాలు కావాలి, మధ్యలో నువ్వు ఏం చేశావన్నది దానికి అనవసరం.

సరే, నల్లబల్ల మీద ఇదంతా చెప్పి లాభం లేదని గ్రౌండులోకి తీసుకెళ్లాను. ముగ్గుతో పది మీటర్ల చదరం వేశాం. మూలలు సరిగ్గా రావాలి కదా, మేస్త్రీలు పునాదికి ముగ్గు పోసేటప్పుడు చూసుకునే మూడు-నాలుగు-ఐదు కొలత వాడాం: ఒక వైపు 3 మీటర్ల దగ్గర గుర్తు, ఇంకో వైపు 4 దగ్గర గుర్తు, రెంటి మధ్య 5 వస్తే మూల లంబంగా ఉన్నట్టు. చివర్లో రెండు కర్ణాలూ కొలిస్తే రెండూ 14 మీటర్ల 14 సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూగా వచ్చాయి, పిల్లలు అప్పుడే సగం హుషారెక్కారు. బయలుదేరే చోట ఒక మేకు కొట్టి, దానికి దారం కట్టి, రెండో కొస నడిచేవాడి చేతికి ఇచ్చాను. నైలాన్ తాడు వద్దు, సాగుతుంది, కొలతలు తేడా వస్తాయి. మేస్త్రీలు వాడే నూలు దారం తెచ్చి మీటరుకొక ముడి వేయించాను. ఒకడు సైకిలు తోసుకుంటూ గట్టు వెంట వస్తాడు, చక్రానికి ఒకచోట గుడ్డపీలిక కట్టి, అది ఎన్నిసార్లు కిందికి వచ్చిందో లెక్కపెడతాడు. 26 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్ల పైచిలుకు, కాబట్టి పొలం ఒక చుట్టుకి పందొమ్మిది చుట్లు దాటుతుంది. చక్రం చెప్పేది దూరం, దారం చెప్పేది స్థానభ్రంశం. ఇంకొకడు ఫోనులో స్టాప్‌వాచ్ పట్టుకుని ఐదు సెకన్లకోసారి "ఆగు" అంటాడు.

మొదట మూల నుంచి. పది సెకన్ల దాకా చక్రం, దారం ఒకటే చెప్పాయి, తిన్నగా నడుస్తున్నాడు కాబట్టి. మూల తిరిగాక చక్రం తన మానాన తను పెరుగుతుంటే దారం నెమ్మదించింది: 15 సెకన్లకి 11.18, 20కి 14.14. తర్వాత దారం తగ్గడం మొదలెట్టింది. నడుస్తూనే ఉన్నాడు, కానీ దారం చుట్టుకోవాల్సి వస్తోంది. 25కి మళ్లీ 11.18, 30కి 10, 40కి మేకు దగ్గరే ఉన్నాడు, దారం లేదు. "స్థానభ్రంశం తగ్గుతుందా మాస్టారూ!" అని ఆశ్చర్యపోయింది ఎవరో కాదు, 14.14 రాసిన అబ్బాయే. పుస్తకంలో అప్పటిదాకా అతను చూసినవన్నీ చివరి జవాబులే, మధ్యలో ఏం జరుగుతుందో ఎవరూ చూపించలేదు.

తర్వాత మేకు పీకి, ఆ అమ్మాయి చెప్పినట్టే కింది గట్టు మధ్యలో కొట్టాం. ఇక్కడ నేను ముందే లెక్క వేసుకుని వెళ్లాను కానీ పిల్లలకి చెప్పలేదు. 5 సెకన్లకి 5 మీటర్లు, 10కి 7.07, 15కి 11.18. 20 సెకన్లకి ఎంత వస్తుందని అడిగితే అందరూ ఇంకా పెరుగుతుందనే అన్నారు, అర చుట్టు కదా, అదే అన్నిటికంటే దూరం కదా. దారం పది దగ్గర ఆగింది. తగ్గింది. 25కి మళ్లీ 11.18కి ఎక్కింది, 30కి 7.07, 35కి 5. గ్రాఫు గీస్తే రెండు మూపురాల ఒంటెలా వచ్చింది, సరిగ్గా నడిమధ్యలో చిన్న పల్లం. అర చుట్టు దగ్గర బయలుదేరిన చోటికి గరిష్ఠ దూరంలో ఉంటామన్న నమ్మకం వృత్తానికి పనికొస్తుంది, మూల నుంచి బయలుదేరితే చదరానికీ పనికొస్తుంది, గట్టు మధ్య నుంచి అయితే పనికిరాదు. ఈ పల్లం దగ్గర పిల్లలు వాదించుకున్నంత సేపు నేను నోరు తెరవలేదు. దారం తప్పు పట్టుకున్నావని ఒకడిని తిట్టి రెండుసార్లు మళ్లీ కొలిచారు, అదే వచ్చింది.

అప్పుడు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి పాత ప్రశ్నే వేశాను, నడిచింది రెండుసార్లూ అంతే కదా, మరి దారం ఎందుకు మారింది? కాసేపు ముగ్గు గీత వైపు చూసి, "దారానికి చక్రం సంగతి తెలీదు కదా మాస్టారూ, మేకు ఎక్కడుంది, మనిషి ఎక్కడున్నాడు, అంతే" అంది. నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

దీనికి అద్దంలో బొమ్మ లాంటి ఉదాహరణ కూడా ఇచ్చాను, మా వైపు పిల్లలందరికీ తెలిసిందే. విశాఖపట్నం నుంచి అరకు. రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు, రైలైతే కొత్తవలస మీదుగా సొరంగాలు దాటుకుంటూ ఇంకాస్త ఎక్కువ, మ్యాపు మీద స్కేలు పెట్టి తిన్నగా కొలిస్తే 80 కిలోమీటర్ల చిల్లర, వాయవ్య దిక్కుగా. బస్సెక్కినా రైలెక్కినా స్థానభ్రంశం అదే, దూరాలే వేరు. రైతు దగ్గర దూరం అదే, స్థానభ్రంశాలు వేరు. రెండూ పక్కపక్కన పెడితే ఒకదాని మీద ఒకటి ఆధారపడటం లేదని తేలిపోతుంది. ఒక్క షరతు మాత్రం ఎప్పుడూ తప్పదు, స్థానభ్రంశం పరిమాణం దూరాన్ని దాటదు.

దిశ గురించి చెప్పడానికి నాకు ఎప్పుడూ ఇబ్బంది రాదు, వాస్తు పుణ్యమా అని మన పిల్లలకి మూలల పేర్లు పుట్టుకతోనే వస్తాయి. నైరుతి మూల నుంచి బయలుదేరినవాడు అర చుట్టు తర్వాత ఈశాన్యం వైపు 14.14 మీటర్లలో ఉన్నాడు, ఆగ్నేయం నుంచి బయలుదేరినవాడు వాయవ్యం వైపు అంతే దూరంలో ఉన్నాడు. "ఇద్దరి స్థానభ్రంశం ఒకటేనా?" అంటే అంకె ఒకటే, దిక్కు వేరు, కాబట్టి ఒకటి కాదు. సదిశ రాశి (అంకెతో పాటు దిక్కు కూడా ఉండేది) అన్న మాట నేను ఆ తర్వాతే వాడాను.

సరాసరి వేగం దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది. దూరాన్ని కాలంతో భాగిస్తే సరాసరి వడి, స్థానభ్రంశాన్ని కాలంతో భాగిస్తే సరాసరి వేగం. ఒక పూర్తి చుట్టుకి రైతు సరాసరి వడి సెకనుకి 1 మీటరు, సరాసరి వేగం సున్నా. "సున్నా వేగంతో 40 మీటర్లు ఎలా తిరిగాడు?" అని ఒకడు అడిగాడు, మంచి ప్రశ్న. మన మాటల్లో వేగం సున్నా అంటే ఆగిపోయినట్టే కాబట్టి వాడికి మండింది. సరాసరి అన్నది 0వ సెకనుకి, 40వ సెకనుకి మధ్య లెక్క, ఏ క్షణంలో చూసినా రైతు మాత్రం సెకనుకి మీటరు చొప్పున ఏదో ఒక దిక్కుకి నడుస్తూనే ఉన్నాడు, తూర్పుకి ఎంత నడిచాడో పడమరకి అంతే నడిచాడు, ఉత్తర దక్షిణాలూ అంతే, కలిపితే ఏమీ మిగల్లేదు. 140 సెకన్లకి తీసుకుంటే సున్నా కాదు: మూల నుంచి 14.14ని 140తో భాగిస్తే సెకనుకి 0.101 మీటర్లు, గట్టు మధ్య నుంచి 10ని భాగిస్తే 0.071. సరాసరి వడి మాత్రం ఎక్కడి నుంచి బయలుదేరినా 1.

"చుట్టూ తిరిగితే సున్నా" బ్యాచ్ కోసం సింహాచలం గిరి ప్రదక్షిణ తీశాను. ఆషాఢ పౌర్ణమికి కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర మొదలుపెట్టి కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు, వీళ్లలో కొందరు అమ్మానాన్నలతో వెళ్లొచ్చినవాళ్లే. మళ్లీ తొలిపావంచా చేరేసరికి స్థానభ్రంశం సున్నా, అది అందరూ చెప్పారు. సగం దారిలో, కాళ్లు పీకుతున్నప్పుడు అడిగితే? "సున్నా కాదు, కొండకి అవతల పక్క ఉంటాం కదా." ఇంకొకడు అందుకుని, "తిరిగొచ్చాక మెట్లెక్కి దర్శనానికి వెళ్తే, గుళ్లో ఉన్నప్పుడు అడిగితే కూడా సున్నా కాదు మాస్టారూ, పైకి వెళ్లాం కదా" అన్నాడు. ఎత్తు కూడా లెక్కలోకి వస్తుందని నేను అప్పటిదాకా చెప్పనే లేదు.

కొన్ని వారాల తర్వాత చిన్న పరీక్ష పెట్టాను, అంకెలు మార్చి, ఈసారి బొమ్మ తప్పనిసరి చేసి, బొమ్మకే ఎక్కువ మార్కులు పెట్టి. 7 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తం మీద అర చుట్టు ఇచ్చాను: దూరం 22 మీటర్లు, స్థానభ్రంశం 14. దాదాపు అందరూ చేశారు. అదే వృత్తం మీద పావు చుట్టు ఇస్తే కొందరు 7 అని, కొందరు 11 అని రాశారు. 11 పావు వంపు పొడవు, అసలు జవాబు 7√2, దాదాపు 9.9. ఆ అమ్మాయి కూడా వంపు పక్కనే వంపుగా బాణం వేసింది. అంటే ముగ్గు చదరంలో దారం తిన్నగా కనిపించింది కానీ, గుండ్రటి గీత చూడగానే కన్ను మళ్లీ దారి వెంట పోతోంది. దీనికి గుండ్రటి ముగ్గు వేసి ఇంకోసారి దారం పట్టించాలి, వేరే మంత్రమేం లేదు. తిన్నటి గీత మీద ముందుకీ వెనక్కీ వెళ్లే లెక్కల్లో మైనస్ గుర్తు పెట్టి, చివరి జవాబులో దాన్ని వదిలేసే అలవాటు కూడా పోలేదు. అది చలనం పాఠంలో వచ్చిన జబ్బు కాదు, ఏడో తరగతి పూర్ణసంఖ్యల నుంచి మోసుకొస్తున్నది.

ప్రశ్నపత్రం తయారుచేసే వాళ్లకి నా విన్నపం చిన్నది, "ఒక మూల నుంచి బయలుదేరి" అని ఒక ముక్క చేర్చండి. చేర్చకపోయినా పర్వాలేదు, అలాంటప్పుడు బొమ్మ అడగండి, బొమ్మకి తగ్గ జవాబుకి మార్కులివ్వండి. నన్నడిగితే చేర్చకుండా ఉంచడమే మంచిది. ఎందుకంటే బయలుదేరే చోటు చెప్పకుండా వదిలేస్తే ఈ లెక్క ఇంకా ఎంతో దూరం పోతుంది, మా వాళ్లు తీసుకెళ్లారు కూడా. మూల నుంచి 'క' మీటర్ల దూరంలో బయలుదేరితే అర చుట్టుకి ఎదురు గట్టు మీద అవతలి మూల నుంచి అంతే దూరంలో తేలతాడు, అంటే అడ్డంగా 10 − 2క, నిలువుగా 10. పైథాగరస్ పెడితే స్థానభ్రంశం వర్గం (10 − 2క)² + 100. క సున్నా అయితే 14.14, 5 అయితే 10, 2 అయితే 11.66. జవాబు 12 రావాలంటే ఎక్కడి నుంచి బయలుదేరాలని అడిగాను. 10 − 2క వర్గం 44 కావాలి, అంటే 10 − 2క దాదాపు 6.63, క దాదాపు 1.68. గ్రౌండులో మూల నుంచి మీటరు 68 దగ్గర మేకు కొట్టి చూశారు, పన్నెండో ముడి చేతిలోకి వచ్చింది.

వెంటనే కర్ణం అబ్బాయి 9 రావాలంటే ఎక్కడ మొదలెట్టాలని లెక్క వెయ్యడం మొదలెట్టాడు. వర్గం మైనస్ 19 వచ్చింది, ఎక్కడో తప్పు చేశానని మళ్లీ మొదటి నుంచి వేశాడు, మళ్లీ అదే. పక్కన కూర్చున్న ఆ అమ్మాయి నోటుబుక్కు వైపు చూడను కూడా చూడలేదు. "అర చుట్టు తిరిగితే ఎదురు గట్టు మీదికి పోతాడు కదరా, రెండు గట్ల మధ్య పది మీటర్లుంది, అంతకన్నా దగ్గరికి ఎలా వస్తాడు?" అంది.